మధ్యాహ్నం పట్టించిన గాలి తెల్లారేసరికి చాలదు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే పత్రికల్లో లంబసింగి, అరకు, ఆదిలాబాద్ ఫొటోలు పడతాయి. అనంతపురం, కర్నూలు, కడప పేర్లు మాత్రం ఉష్ణోగ్రతల పట్టికలో ఒక మూల కనిపించి ఊరుకుంటాయి. సీమ అంటే ఎండలే అని బయటివాళ్ల లెక్క. మనవాళ్ల లెక్కా అదే కావడంతో, ఇక్కడి చలిలో బండి నడిపే మనిషి ఏం చూసుకోవాలో చెప్పే మాట ఎక్కడా కనబడదు. టూవీలర్ మెకానిక్‌లుగా మాకు తెలిసింది మీ పాఠకుల ముందు పెడదామని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మన చలి తీరు వేరు. డిసెంబరు, జనవరిలో మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది, ఒంటి మీద చొక్కా చాలు. అదే రోజు తెల్లవారుజామున 13, 14 డిగ్రీలకు దిగిపోయే రోజులుంటాయి. పొద్దస్తమానం చల్లగా ఉండే ఊళ్లలో మనిషీ బండీ చలికే అలవాటు పడతారు. మనం మధ్యాహ్నం గాలి పట్టించుకుని, మధ్యాహ్నం స్టార్ట్ చేసి చూసుకుని, మధ్యాహ్నం చూసిన రోడ్డే కదా అనుకుని తెల్లారి నాలుగింటికి బయలుదేరతాం. పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్లు, కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా వేసుకొచ్చేవాళ్లు, ఇంటింటికీ పేపరు వేసే పిల్లలు, ధనుర్మాసం పూజలకు పోయే కుటుంబాలు, అందరూ ఆ వేళకే రోడ్డు మీద ఉంటారు. తిప్పలన్నీ ఆ పదిహేను డిగ్రీల తేడాలోనే ఉన్నాయి.

ముందు టైర్ల సంగతి. మామూలు వంద సీసీ బండికి ఒక్కరే ఎక్కితే గాలి ఒత్తిడి ముందు చక్రానికి 25, వెనక చక్రానికి 28 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాపున ఉంటుంది. సరైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలోనో, చైను కవరు మీది స్టిక్కరు మీదో చూసుకోవాలి. మధ్యాహ్నం పదిహేను కిలోమీటర్లు తిరిగి బంకుకు పోతే టైరులోని గాలి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు 28 పట్టిస్తే తెల్లారి 14 డిగ్రీలకు చల్లారేసరికి అది 24, 25కు దిగుతుంది. పంచరూ లేదు, వాల్వు లీకూ లేదు, గాలి చల్లారింది, అంతే. ఇద్దరు ఎక్కి, పైగా రెండు క్యాన్లు కడితే ఆ టైరు పక్కలు నలిగిపోతాయి, మలుపులో వెనక చక్రం ఈత కొట్టినట్టు ఊగుతుంది. కాబట్టి గాలి ఎప్పుడూ చల్లటి టైరుకే పట్టించాలి. రెండు కిలోమీటర్లలోపు బంకు ఉంటే పొద్దున్నే పోయి పట్టించడం మేలు. కుదరకపోతే సైకిలు పంపు, చిన్న గేజీ ఇంట్లో పెట్టుకోవాలి. చలికాలంలో వారానికి ఒకసారి చూడటం తప్పనిసరి.

ఇక స్టార్టింగు. చలికాలంలో మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చల్లటి ఇంజనులో అది సరిగ్గా ఆవిరి కాదు, కొంత గోడలకే అంటుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికే చోక్ ఉంది. గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి మామూలు పెట్రోలు కన్నా ఎక్కువ వేడి కావాలి. అందుకే గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ ఉన్న పాత బండ్లు ఈ మధ్య చలిలో మరింత మొండికేస్తున్నాయి.

పద్ధతి ఇది. చోక్ లివరు కొన్ని బండ్లకు హ్యాండిల్ దగ్గర, కొన్నింటికి కార్బొరేటర్ పక్కనే ఉంటుంది. దాన్ని పూర్తిగా వెయ్యాలి. తాళం తిప్పకుండా రెండు మూడు సార్లు మెల్లగా కిక్కు తొక్కితే ఆయిలు కదులుతుంది, పెట్రోలు లోపలికి చేరుతుంది. తర్వాత తాళం తిప్పి, రేసు అస్సలు ఇవ్వకుండా ఒక్క నిండు కిక్కు కొట్టాలి. ఇక్కడే చాలామంది చేసే తప్పు, చోక్ వేసి రేసు కూడా తిప్పడం. రేసు తిప్పితే గాలి దారి తెరుచుకుని చోక్ చేసే పని పాడవుతుంది. ఇంజను అందుకున్నాక అర నిమిషం ఆగి చోక్ సగానికి, ఇంకో అర నిమిషానికి పూర్తిగా తియ్యాలి. మన చలికి అంతకన్నా అక్కర్లేదు.

చోక్ తియ్యడం మరిచి పది కిలోమీటర్లు పోతే ఏమవుతుందో ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది. బాగున్న ప్లగ్గు మూతి ఇటుక రంగులోనో లేత గోధుమ రంగులోనో పొడిగా ఉంటుంది. చోక్ మీద నడిచిన ప్లగ్గు కాటుక పూసినట్టు నల్లగా ఉంటుంది, వేలు పెడితే మసి అంటుతుంది. దాని మీద తడి మెరుస్తూ పెట్రోలు వాసన కొడితే ఇంజనులోకి పెట్రోలు ఎక్కువైపోయిందని అర్థం. ఆ మసి మీదుగా కరెంటు జారిపోయి నిప్పురవ్వ పుట్టదు. మండని పెట్రోలు పిస్టన్ రింగుల పక్క నుంచి ఆయిలులోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మైలేజీ పడిపోవడం వీటన్నిటికన్నా చిన్న నష్టం.

పెట్రోలు ఎక్కువై మొండికేసిన బండిని ఇలా దారికి తేవచ్చు. చోక్ పూర్తిగా తీసేసి, రేసు పూర్తిగా తిప్పి పట్టుకుని, ఐదారు కిక్కులు కొట్టాలి. లోపలి పెట్రోలంతా గాలితో పాటు బయటికి పోతుంది. అప్పటికీ లేవకపోతే ప్లగ్గు విప్పి ఎండు గుడ్డతో తుడిచి, పాత టూత్ బ్రష్షుతో మసి దులిపి బిగించాలి. ప్లగ్గు గ్యాపు బండిని బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంతకు మించి అరిగిపోయిన ప్లగ్గు ఎండాకాలం ఎలాగో నెట్టుకొస్తుంది, చలికి మాత్రం చేతులెత్తేస్తుంది. కొత్త ప్లగ్గు ఖరీదు ఎంతో కాదు, చలి మొదలయ్యే ముందే మార్చుకోవడం మంచిది. ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. చలికి చేతులు వణుకుతూ స్పానరుతో అడ్డంగా ఎక్కిస్తే హెడ్డు (ఇంజను పైభాగం) మర పోతుంది, ఆ పని వేలల్లోకి పోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఉంది, చోక్ లేదు. వాటికి తాళం తిప్పాక రెండు మూడు సెకన్లు ఆగాలి. పెట్రోలు పంపు సన్నగా జుయ్ మని ఆగాక సెల్ఫ్ నొక్కాలి. రేసు ఇవ్వక్కర్లేదు, ఎంత పెట్రోలు పంపాలో సెన్సార్లే చూసుకుంటాయి.

సెల్ఫ్ నొక్కి పట్టుకుని కూర్చునే అలవాటు మానాలి. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, అదే సమయంలో ఆయిలు చిక్కబడి ఇంజను తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. ఐదు సెకన్లకు మించి నొక్కకూడదు, నొక్కిన ప్రతిసారీ కనీసం పది సెకన్లు విడుపు ఇవ్వాలి. కిక్కు ఉన్న బండైతే రోజులో మొదటి స్టార్టింగు కిక్కుతోనే చెయ్యండి. రాత్రంతా నిలబడిన బ్యాటరీ పొద్దున 12.6 వోల్టులు చూపిస్తే బాగున్నట్టు. 12.2 కన్నా దిగితే ఛార్జి పెట్టించాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత కట్టి ఉంటే ముందు నెగటివ్ వైరు విప్పి, వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి బ్రష్షుతో కడగాలి. బాగా ఆరాక బిగించి వాజలీన్ పూయాలి. బ్యాటరీ పోయిందని కొత్తది కొనేవాళ్లలో కొందరి అవసరం ఈ పూత కడిగితేనే తీరిపోతుంది.

ఎక్స్‌ఎల్ బండ్లు నడిపేవాళ్లు ఒకటి గమనించాలి. వాటికి చేతి క్లచ్చు లేదు. చోక్ మీద ఇంజను స్పీడు పెరిగితే క్లచ్చు దానంతటదే పట్టేస్తుంది. స్టార్టింగ్ సెంటర్ స్టాండు మీదే చెయ్యాలి, చోక్ తీసి వెనక చక్రం తిరగడం ఆగాకే స్టాండు దించాలి. లేకపోతే పాల క్యాన్లతో సహా బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. గేర్ల బండిలో దీనికి దగ్గరి ఇబ్బంది ఇంకొకటి ఉంది. రాత్రంతా నిలబడితే చిక్కబడ్డ ఆయిలుకు క్లచ్చు ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. క్లచ్చు పట్టినా అవి విడవవు, మొదటి గేరు ఠక్కున పడి బండి గుంజుతుంది. స్టార్ట్ చేసే ముందు క్లచ్చు పట్టుకుని రెండు సార్లు కిక్కు తొక్కితే ప్లేట్లు విడిపోతాయి.

ఆయిలు డబ్బా మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. అట్లాగని 20డబ్ల్యూ-50 చెప్పిన బండికి పలచటిది పోయకూడదు, మన మధ్యాహ్నం ఎండకు అది నిలవదు. కంపెనీ చెప్పిందే పొయ్యండి, సమయానికి మార్చండి. నల్లబడి మడ్డి కట్టిన పాత ఆయిలే చలిలో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి అంగడికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండ్లలో డిప్‌స్టిక్ తీసి చూస్తే మీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తుంది. ఇంజను పూర్తిగా వేడెక్కక లోపలి చెమ్మ ఆవిరి కాకుండా ఆయిలులో కలిసిపోవడం దీనికి కారణం. వారానికి ఒకసారి ఏకబిగిన ఇరవై కిలోమీటర్లు తిప్పితే ఆ చెమ్మ పోతుంది. అప్పటికీ నురగ ఉంటే ఆయిలు మార్చెయ్యాలి.

వేడెక్కడానికి బండిని పది నిమిషాలు అట్లాగే ఉంచడం పెట్రోలు దండగ. ఒక నిమిషం చాలు, ఆ తర్వాత రెండు మూడు కిలోమీటర్లు 40 దాటకుండా నడిపితే ఇంజను, గేరుబాక్సు, టైర్లు అన్నీ కలిసి వేడెక్కుతాయి. స్టార్ట్ కాగానే రయ్ మని రేసు ఇచ్చేవాళ్లు, ఆయిలు ఇంకా హెడ్డు దాకా చేరకముందే క్యాము, రాకర్లు అరగదీసుకుంటున్నారు. ఒక్క సంగతి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాం: తలుపులు మూసిన వసారాలో, షట్టరు దించిన గదిలో బండి ఆన్‌లో పెట్టకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలకు, ముసలివాళ్లకు అది ప్రాణాంతకం. బండి బయటికి తోసుకొచ్చాకే స్టార్ట్ చెయ్యండి.

ఎలక్ట్రిక్ స్కూటర్లు మన చలికి కొద్దిగా మైలేజీ తగ్గి ఊరుకుంటాయి. టైర్లు, బ్రేకులు, బట్టల విషయంలో వాటికీ ఇదే లెక్క.

ఇప్పుడు మనిషి. 14 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఒంటికి పది డిగ్రీల చలిలా తగులుతుంది. స్వెట్టరు వేసుకున్నాం కదా అంటారు. అల్లిక స్వెట్టరు కదలకుండా కూర్చున్నప్పుడు వెచ్చన, బండి మీద దాని రంధ్రాల్లోంచి గాలి ఈల వేసుకుంటూ దూరుతుంది. గాలిని ఆపేది పైన ఉండాలి, వేడిని పట్టి ఉంచేది లోపల ఉండాలి. కాబట్టి స్వెట్టరు మీద వానకోటు వేసుకోండి. ఖరీదైన జాకెట్టు లేకపోయినా ఈ రెండూ కలిసి బాగా పనిచేస్తాయి. అదీ లేదంటే నిన్నటి పేపరు నాలుగు షీట్లు విప్పి మడతలుగా చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య ఛాతీ మీద పెట్టుకోండి. మడతల మధ్య నిలిచిన గాలే అడ్డుగోడ. మోకాళ్లకు కూడా గాలి ఆపే బట్ట కావాలి, చలికి ముందు పట్టేసేది అవే. కండువా, చున్నీ, మఫ్లరు కొసలు తప్పకుండా లోపలికి దోపుకోవాలి, చైనుకో చక్రానికో చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం చేతులు. వేళ్లు కొయ్యబారితే బ్రేకు ఎంత నొక్కామో తెలియదు. 60లో పోతుంటే సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు పోతాం. బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు, అంటే ట్రాక్టరూ ట్రాలీ కలిపినంత పొడవు. ఉన్ని గ్లౌజులు ఒక్కటే గాలిని ఆపవు, పైన తోలువో రెగ్జిన్‌వో ఉండాలి. ఏమీ లేనప్పుడు నూలు గ్లౌజు మీద కడిగి ఆరబెట్టిన పాల కవరు తొడిగి మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకున్నా పని జరుగుతుంది. లివర్లు జారుతున్నాయేమో బయలుదేరే ముందే నొక్కి చూసుకోండి. వేళ్లు మొద్దుబారితే ఆగి చంకల్లో పెట్టుకోండి. సైలెన్సరు మీద ఆనించి కాచుకోవద్దు, స్పర్శ పోయిన చేతికి కాలిన సంగతి బొబ్బ లేచేదాకా తెలియదు. మాట ముద్దగా వస్తున్నా, ఆపుకోలేనంత వణుకు పుట్టినా ఆ ప్రయాణం అక్కడితో ఆపి వెచ్చటి చోటికి చేరాలి. చలి పోతుందని మందు తాగడం పెద్ద పొరపాటు. చర్మం కింద రక్తనాళాలు వెడల్పై కాసేపు వెచ్చగా అనిపిస్తుంది, అదే దారిలో ఒంట్లో వేడి బయటికి పోతుంది.

పిల్లలను ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టుకుంటే ఆ గాలంతా ముందు పసివాడి ఛాతీకే తగులుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలతో పోయేటప్పుడు పిల్లవాడిని పెద్దవాళ్లకు కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలని, 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి నుంచి రూలు ఉంది. చలికాలం తెల్లవారుజామున ఆ 40 కూడా ఎక్కువే.

లావు మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెడితే తలకు సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు ఊడొస్తుంది. చెవులు, మెడ కప్పే పలచటి నూలు ముసుగు చాలు. అద్దం మీద ఆవిరి పట్టడానికి మన ఊపిరే కారణం. ముక్కు మీద కట్టిన చేతిరుమాలు ఊపిరిని పైకి తోసి అద్దం మీదికి పంపుతుంది, రుమాలు ముక్కు కిందికి ఉండేలా కట్టుకోవాలి. ఎండు సబ్బు ముక్కతో అద్దం లోపలివైపు పలచగా రుద్ది, మెత్తటి పొడిగుడ్డతో చారలు పోయేదాకా తుడిస్తే ఒకటి రెండు రోజులు ఆవిరి నిలవదు. నల్లద్దం తెల్లవారుజామున వాడకూడదు.

రోడ్డు సంగతి ఇంకా బాధ కలిగించేది. కంది, ఉలవ చేతికొచ్చే కాలం ఇదే. కల్లం చేసుకునే చోటు లేక రైతులు తారురోడ్డు మీదే పరిచి బండ్లతో తొక్కిస్తారు. మధ్యాహ్నం ఎండకు గలగలలాడిన ఉలవ పొట్టు రాత్రి మంచుకు తడిసి తెల్లారేసరికి సబ్బు పూసినట్టు జారుతుంది. గింజలు చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి. రాశి చుట్టూ పెట్టిన రాళ్లు, పైన కప్పిన నల్ల పట్ట చీకట్లో కనిపించవు. అట్లాంటి చోట ముందు బ్రేకు పట్టకండి, హ్యాండిల్ తిప్పకండి. ముందే రేసు తగ్గించి, గేరు దించి, నిటారుగా దాటండి. ఎండిన కంది కట్టె మీదుగా పోయినప్పుడు సైలెన్సరుకు చుట్టుకున్న పొట్టు అంటుకునే ప్రమాదమూ ఉంది, దాటాక ఆగి దులుపుకోండి. రైతును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఊరికొక సిమెంటు కల్లం ఉంటే ఎవరూ రోడ్డెక్కరు. అప్పటిదాకా కనీసం రాళ్లకు సున్నం పూసి, చీకటి పడేలోగా రోడ్డు సగమైనా విడిచిపెడితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

చల్లగాలి బరువు. రాత్రిళ్లు అది పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డు, కేసీ కాలువ గట్లు, చెరువు కట్టలు, వంకల దగ్గర పొగమంచు ముందు పట్టేది అందుకే. మెరక మీద రోడ్డు తేటగా ఉండి, వంక దిగగానే గోడలా ఎదురవుతుంది. హై బీము వేస్తే ఆ వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ములోనే పోవాలి. కనిపించే దూరంలో సగానికే బండి ఆగేంత వేగం ఉండాలి. 44వ నంబరు హైవే అంచున లైట్లు ఆర్పి నిలిపిన లారీలను దృష్టిలో పెట్టుకునే ఈ మాట చెబుతున్నాం. బండి వెనక ఎర్ర రిఫ్లెక్టరు మట్టి పట్టి ఉంటే తుడుచుకోండి, క్యాన్లకు, బుట్టలకు ఎర్రటి మెరిసే టేపు అంటించుకోండి.

గువ్వలచెరువు ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్‌లో జార్చుకుంటూ పోకండి, రెండో గేరో మూడో గేరో వేసి ఇంజనుతోనే పట్టి దించండి. రాత్రి మంచుకు డ్రమ్ము లోపల, డిస్కు మీద సన్నటి తుప్పు పొర కడుతుంది, మొదటి పట్టు పట్టదు లేదా ఒక్కసారిగా కరుస్తుంది. ఇంటి నుంచి బయలుదేరగానే ఖాళీ రోడ్డు మీద రెండు మూడు సార్లు తేలిగ్గా బ్రేకు పట్టి ఆ పొర పోగొట్టుకోవాలి. చైనుకు ఆయిలు సాయంత్రం ఇల్లు చేరగానే, చైను వేడిగా ఉన్నప్పుడే వేస్తే రాత్రికి లింకుల్లోకి ఇంకుతుంది. పొద్దున వేసింది సగం రిమ్ము మీదే చిమ్ముతుంది.

సంపాదకులకు ఒక విన్నపం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటిదాకా మా మూడు జిల్లాల పేజీల్లో రోజూ వేసే ఉష్ణోగ్రతల పక్కన ఇంకో రెండు వరుసలు చేర్చండి. ముందురోజు ఏ రోడ్డు మీద పొగమంచు పట్టింది, ఎన్ని గంటలకు విడిపోయింది, ఏ ఊరి దగ్గర రోడ్డు మీద పంట పరిచి ఉంది అన్నవి మీ మండల విలేకరులకు రోజూ కంటికి కనబడే సంగతులే. పేపరు ఇంటికి చేరే వేళకు పాలబండ్లు వెళ్లిపోయి ఉంటాయి, కానీ మర్నాడు అదే దారిన అదే వేళకు మళ్లీ పోతాయి.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్‌లు కొందరు,
అనంతపురం